చలికాలానికి దాచిన వాలు

ఆ వేసవి మా తియాన్‌షాన్ కొండల మీద చినుకు పడలేదు. గొర్రెలు రాళ్ల సందుల్లో మూతులు పెట్టి వెతుక్కుంటున్నాయి. మాకు మిగిలిందల్లా చలికాలం మేతకని ముట్టకుండా దాచిన దక్షిణపు వాలు. అది పోతే మంద పోయినట్టే.

ఒక మధ్యాహ్నం లోయ వైపు దుమ్ము లేచింది. ముందు గుర్రాలు, వెనక పెద్ద మంద.

"ఎవరో మేత వెతుక్కుంటూ వస్తున్నారు. కుండ పొయ్యి మీద పెట్టవే," అంది మా అత్త ఊల్కాన్.

"పెడితే? మన గుడారంలో కూర్చుని తిన్నారంటే పొరుగువాళ్లయినట్టేగా! రేపట్నుంచి వాళ్ల మంద ఎక్కడ మేస్తుంది? మన నెత్తి మీదా?"

"నోర్ముయ్! గుమ్మం ముందు నుంచి పోయేవాళ్లని దిగమనకపోతే నలుగురిలో తలెత్తుకోగలమా?"

"దారినపోయేవాళ్లకి గుర్రం మీదే మజ్జిగిచ్చి పంపుతారు అత్తయ్యా. అదీ మన పద్ధతే!"

నా భర్త కుబాత్ ఇద్దరి మధ్యా నిలబడి టోపీ తీస్తాడు, పెట్టుకుంటాడు. ఈ మహానుభావుడి నోట్లోంచి మాట ఊడిపడేసరికి మంచు కురుస్తుంది. చివరికి అత్తదే పైచేయి. సణుక్కుంటూ మాంసం పొయ్యెక్కించాను.

వాళ్లు వచ్చి ఆగారు. తోకోబాయ్ అనే ముసలాయన, పక్క గుర్రం మీద పసిబిడ్డతో ఆయన కోడలు. వాళ్ల గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి.

"దిగండి పెద్దాయనా, ఇంత తిని వెళ్దురు గాని," అంది అత్త.

ఆయన మా వాలు వైపు చూశాడు. తర్వాత మా గొర్రెల వైపు చూశాడు. "మజ్జిగ చాలమ్మా. కనుమ అవతల గడ్డేమైనా ఉందా?"

కుబాత్ నేల చూపులు చూశాడు.

"లేదు," అన్నాను నేనే.

మొదటి పిలుపుకి మాలో ఎవరూ దిగరు. రెండోసారి పిలవాలి, కళ్లెం పట్టుకుని బతిమాలాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. నేనందించిన మజ్జిగ ముసలాయన గుర్రం మీదే నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తాగాడు. ఆయన కోడలు నా చేతుల వంకే చూస్తోంది. నేను అత్త వంక చూశాను. ఇందాక అంత గొంతు చించుకున్న మనిషి, మొహం పక్కకి తిప్పేసుకుంది.

ఖాళీ గిన్నె నా చేతికిచ్చి, "అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి," అని ముసలాయన గుర్రాన్ని అదిలించాడు. వెనకబడిన గొర్రె ఒకటి మా గడ్డిలో మూతి పెట్టబోతే ఆ కోడలే కొరడాతో మళ్లించింది.

హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

మంద కనుమ ఎక్కేశాక కుబాత్ నోరు విప్పాడు. "ఇంకోసారి పిలవాల్సింది."

అత్తా నేనూ ఒక్కసారే అతని మీద విరుచుకుపడ్డాం.