పెళ్లి గాజుల చప్పుడు

ఫోన్ మోగేసరికి వీరదుర్గ చేతుల నిండా చేప పొలుసులే. భర్త ధనుష్ ఫోనెత్తి ఆమె చెవి దగ్గర పెట్టాడు. గుడివాడ ట్రైనింగ్ కాలేజీ నుంచి. పసిపిల్లలకూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకూ చదువు చెప్పే కోర్సులో సీటొచ్చింది. ప్రాక్టీసు గిలకలదిండి బడిలోనే, ఇంటికి నడిచెళ్లేంత దూరం.

వీరదుర్గ ఆ చేతులతోనే గిర్రున తిరిగింది. పెళ్లి గాజులు ఘల్లుమన్నాయి.

"టీచరమ్మగారూ, నాక్కూడా అఆలు దిద్దిస్తారా?" అన్నాడు ధనుష్.

"ముందు తడి తువ్వాలు మంచమ్మీద పడెయ్యకుండా ఉండటం నేర్చుకో బావా!"

క్లాసులు హాయిగా గడిచిపోయాయి. గుడివాడ దాకా బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఆమెకు ఆ రోజు పండగే. భయమంతా ప్రాక్టీసుతో మొదలైంది.

ఆ బడిలో ప్రసన్నలక్ష్మి అని నాలుగేళ్ల పిల్ల ఉంది. మాటలు రాలేదు. తల్లి మాణిక్యం హార్బరులో చేపలమ్ముతుంది. వీరదుర్గ దగ్గరకెళ్తే చాలు, ఆ పిల్ల కెవ్వుమనేది. ఒక రోజు మధ్యాహ్నం బొమ్మ అందిద్దామని వీరదుర్గ చెయ్యి చాచింది. పిల్ల ఒక్క ఉదుటున లేచి, తెరిచున్న గేటులోంచి రోడ్డు మీదకు పరుగెత్తింది. హార్బరుకి ఐసు తెచ్చే లారీ వెనక్కి వస్తోంది.

డ్రైవరు బ్రేకు వేశాడు. చక్రానికీ పిల్లకీ మధ్య జానెడు జాగా మిగిలింది. 

"నా బిడ్డకి మిమ్మల్ని చూస్తేనే భయమమ్మా," అంది పరుగున వచ్చిన మాణిక్యం, పిల్లను గుండెకు అదుముకుని.

బడి చూసుకునే షీబా మేడమ్ మాట ఇంకా గట్టిగా తగిలింది. "రేపు కూడా ఇలాగే అయితే పాపను ఇంటి దగ్గరే ఉంచుకోమని చెప్పక తప్పదండీ. జరగరానిది జరిగితే ఎవరం తట్టుకుంటాం?"

ఇంటికొచ్చినా ఆ లారీ కళ్ల ముందు నుంచి కదల్లేదు. టీ గ్లాసు అందుకుంటుంటే గాజులు గలగలమన్నాయి. వీరదుర్గ ఉలిక్కిపడింది.

పిల్ల ఏం చేసిందో కాదు, దానికి ముందు ఏం జరిగిందో చూడమని క్లాసులో చెప్పారు. తాను కదలకుండా కూర్చుని రాసుకుంటున్నప్పుడు ప్రసన్న తనంతట తనే వచ్చి పక్కన గవ్వలు పేర్చుకుంది. తాను లేస్తేనే, చెయ్యెత్తితేనే చెవులు మూసుకుంది. చెయ్యెత్తితే ఏమవుతుంది? మోచేతి దాకా ఉన్న గాజులు మోగుతాయి.

ఆ వెంటనే రెండో భయం పట్టుకుంది. ఏడాది తిరిగేదాకా పెళ్లి గాజులు తీయకూడదన్నది ఆ ఇంటి పట్టింపు. అత్త కోటమ్మ వాకిట్లో వల బాగుచేస్తోంది.

"అత్తయ్యా... గాజులు బడి వరకూ తీసి..."

"నోటెంట ఆ మాట రానివ్వకు!"

"అది కాదమ్మా, పాపం ఆ పిల్ల..." అన్నాడు ధనుష్.

"నువ్వు మాట్లాడకు. మధ్యాహ్నం మాణిక్యం ఏడుపు నేనూ విన్నాను." కోటమ్మ వల ఒళ్లోంచి దించింది. తర్వాత లోపలికెళ్లి పాత చీర చింపుకొచ్చింది. "ఇలా కూర్చో. చెయ్యి చాపు."

గాజుకీ గాజుకీ మధ్య గుడ్డ దూర్చి, పైన వల దారం బిగించి చుట్టింది. ఊపి చూడమంది. చప్పుడు లేదు.

"కొత్త పెళ్లికూతురా, కట్లు కట్టించుకున్న పేషెంటా?" ధనుష్ నవ్వాడు. వీరదుర్గకూ నవ్వొచ్చింది గానీ కళ్లలో నీళ్లు ఆగలేదు.

"గాజులు కాదేమో అత్తయ్యా. నిజంగా నేనంటేనే భయమేమో. మళ్లీ రోడ్డు మీదకెళ్తే?"

కోటమ్మ దారం ముడి మళ్లీ బిగించింది. ఆమె ముఖంలోనూ అదే భయం కనిపించింది. వీరదుర్గ కళ్లు తుడుచుకుంది.

"రేపు అందరికన్నా ముందెళ్లి నేల మీద కూర్చుంటాను. గవ్వలు పక్కన పెట్టుకుంటాను. తనంతట తను వచ్చేదాకా పిలవను, లేవను. బావా, నువ్వు ఐసు లారీల వాళ్లతో మాట్లాడు, బడి ముందు వెనక్కి తియ్యొద్దని."

"నేను గేటుకి అడ్డంగా కూర్చుంటాను," అంది కోటమ్మ, వల చుట్టి పక్కన పెడుతూ. "ఈ వల రేపు అక్కడే బాగుచేస్తాను."