బందుల వైపు

తాళాలక్క మోకాళ్ళ మీద కూర్చుని, తలుపులోనే బిగించిన తాళం రంధ్రంలో సన్నటి కమ్మీ తిప్పుతోంది. తలుపు కింది నుంచి వచ్చే నీళ్ళకు చీర కుచ్చెళ్ళు తడిసిపోతున్నాయి. కింది వాటా పెద్దావిడ మెట్ల మీద నిలబడి గొణుగుతోంది.

"మా కప్పు కారిపోతోందమ్మా, కాస్త తొందరగా."

"నాకు తొందరే. తాళానికి లేదు," అంది తాళాలక్క.

ఈ పనిని నాన్న కొడుకులకు నేర్పాడు. ఆమె గుమ్మంలో కూర్చుని చూసి నేర్చుకుంది. అన్నలు ఉద్యోగాలకు పోతే పనిముట్ల సంచి ఆమె భుజానికి వచ్చింది. కాపురానికి వెళ్ళిన కొత్తలో అత్తగారు వంటింటి అలమారకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకునేది. కోడలు తలపిన్నుతో తీసి, కడుపునిండా తిని, మళ్ళీ వేసేసేది. పట్టుబడిన రోజున కూడా నమలడం ఆపలేదు. 'దొంగ చెయ్యి' అన్నారు. ఆ చేత్తోనే పిల్లల్ని పెంచింది. మోకాళ్ళు అరిగాయి, చూపుడువేలు వంకరపోయింది, నోరు మాత్రం తగ్గలేదు.

తాళం టక్కుమంది. వంటింట్లో ఒక అమ్మాయి విరిగిన కుళాయిని గుడ్డతో అదిమిపట్టుకుని నిలువునా తడిసి ఉంది. తాళాలక్క సింకు కింద చెయ్యి పెట్టి వాల్వు బిగించింది. నీళ్ళు ఆగాయి.

"అది అక్కడుంటుందని నాకు తెలీదు," అంది అమ్మాయి.

"తలుపు బయట నుంచి ఎందుకు వేసుంది?"

"ఆయన రోజూ వేసుకునే పోతాడు. ఫోను కూడా తీసుకుపోతాడు."

"అయితే పద. ఇప్పుడే."

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "భోజనానికొస్తాడు. నువ్వు తీశావని తెలిస్తే నీ మీదికొస్తాడు. తలుపు నేనే తెరుచుకుని పోతానక్కా. నేర్పు."

చిన్నప్పుడు తాళాలక్క తన నాన్నను అడగలేకపోయిన మాట అది. ముందు సంచిలో ఉన్న పాత కుళాయి తీసి, విరిగినదాన్ని మార్చడం నేర్పింది. తర్వాత తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది.

"తాళం వైపు చూడకు, అది వాడిది. ఇటు చూడు, తలుపును గుమ్మానికి పట్టే బందులు. ఇవి లోపలున్నాయి. నీవి."

తుప్పు మీద నూనె వేయించింది. బందు మధ్యలోని మేకును కింది నుంచి సుత్తితో పైకి కొట్టించింది. మేకు కదిలింది. మళ్ళీ దింపించింది. ఈలోగా పెద్దావిడ తన ఫోను తెచ్చి అమ్మాయిని వాళ్ళక్కతో మాట్లాడించింది. నేల తుడిపించి, సుత్తి సింకు కింద దాచి, బయటికొచ్చి, తాళాలక్క తన చేత్తో ఆ తాళం తిరిగి వేసింది. ఏ తాళం వేసినప్పుడూ ఆమె చెయ్యి అంత బరువెక్కలేదు.

మధ్యాహ్నం భర్త వచ్చాడు, తిన్నాడు, తాళం వేసి రెండుసార్లు గుంజి చూసుకున్నాడు. మెట్లు దిగుతుంటే, పెద్దావిడ తలుపు గడియకు మరలు బిగిస్తున్న తాళాలక్క కనబడింది.

"ఎవరు నువ్వు?"

"తలుపులు బాగుచేస్తానయ్యా. మీదేమన్నా మొరాయిస్తే చెప్పండి."

"మా తలుపుకేం కాదు."

"సంతోషం," అంది, మర తిప్పుతూనే.

అతను వీధి మలుపు తిరిగాక పైన సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. పెద్దావిడ లోపలికెళ్ళి టీవీ గొంతు పెంచింది. కాసేపటికి ఏదో బరువుగా ఈడ్చిన చప్పుడు. అమ్మాయి సంచితో, గోడవార నక్కకుండా, మెట్ల నడిమధ్య నుంచే దిగింది.

"ఎక్కడికమ్మా ఈ ఎండలో?" అన్నాడు పక్క వాటాయన.

"మా అక్క దగ్గరికి," అంది, ఆగకుండా.

తాళాలక్క వైపు ఒక్కసారైనా చూడలేదు. చూస్తే ఆ భర్త కోపం తన మీదికొస్తుందనే అని తాళాలక్కకు తెలుసు. వీధిలో అడుగుల చప్పుడు వినబడనంత దూరం పోయాక పైకెక్కింది.

గుమ్మం బోసిగా ఉంది. తలుపు లోపలి గోడకు చేరగిలబడి ఉంది. దాని తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.