గూడెంలో సముద్రపు చేపలు

తాడేపల్లిగూడెం బట్టల షాపు శేషగిరిరావుగారికి సముద్రపు చేపలంటే పిచ్చి. సరుకు కోసం చెన్నై వెళ్లినప్పుడు ఓ హోటల్లో చూశారు వాటిని. నారింజ రంగు మీద తెల్లపట్టీలున్నవి, అప్పుడే కుంచెతో అద్దినట్టు నీలంగా మెరిసేవి. అలాంటి తొట్టె తన షాపులోనూ ఉండాలని పట్టుబట్టి రెండుసార్లు పెట్టించారు. రెండుసార్లూ వారం తిరక్కుండానే చేపలు చచ్చిపోయాయి. రెండోసారైతే పెళ్లిచీరలు తీసుకోడానికొచ్చిన వాళ్ల కళ్లముందే ఓ చేప వెల్లకిలా తేలింది. వాళ్లలో పెద్దావిడ చేతిలో చీర అక్కడే పెట్టేసి, అందర్నీ వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. అది మొదలు బజార్లో ఆయన్ని చూసి నవ్వుకోవడం ఎక్కువైంది.

ఆయన భార్య ఇందిరగారే ఆచూకీ తీసి, భర్తను ఏలూరు పవర్‌పేటలోని గౌసియా షాపుకి తీసుకొచ్చారు.

గౌసియాది ఆకివీడు. బీఎస్సీ జువాలజీ చదివింది. భర్త మహబూబ్ కొల్లేరు చెరువులకి చేపపిల్లల వ్యాను తోలేవాడు. ప్రభుత్వం కొల్లేరులో చెరువుగట్లు కొట్టించేసిన ఏడాది అతని పని పోయింది. ఇద్దరూ ఇంటి ముందుగదిని అక్వేరియం షాపు చేశారు. అమ్మేవన్నీ గోల్డ్ ఫిష్, గప్పీలే. ఉప్పునీటి చేపల మీద ఇష్టం మాత్రం గౌసియాది. నెట్ సెంటర్లో కూర్చుని వాటి గురించి చదివేది. ఇంట్లో చిన్న తొట్టె పెట్టుకుని ఓ జంటను ఏడాదిగా బతికించుకుంటోంది.

"చెన్నైవాళ్లు చచ్చే చేపలే అంటగట్టారమ్మా నాకు" అన్నారు శేషగిరిరావుగారు.

"రాగానే ఏం చేశారండీ?"

"ఏం చేస్తాం? సంచి విప్పి తొట్టెలో పోశాం."

"అదేనండీ. ప్రయాణంలో అలిసిపోయి ఉంటాయి. సంచిలో నీళ్లు వేరు, తొట్టెలో నీళ్లు వేరు. ఒక్కసారిగా మారితే తట్టుకోలేవు. పైగా ఒకదానికి జబ్బుంటే మిగతావాటికీ అంటుకుంటుంది."

"మరేం చేద్దామంటారు?"

"చేపలు ముందు నా దగ్గర ఉండాలండీ, విడిగా. జబ్బేదైనా ఉంటే ఇక్కడే బయటపడాలి. నేను సరేనన్నాకే మీ షాపుకొస్తాయి."

"శ్రావణమాసంలో మా పై అంతస్తు ప్రారంభం. అప్పటికి కావాలి."

"అప్పటికి బాగుంటే తెస్తానండీ. లేకపోతే తేను."

శేషగిరిరావుగారు మొహం ముడుచుకున్నారు. ఇందిరగారే "అలాగేనమ్మా, నువ్వు చెప్పినట్టే" అని లేచారు.

చేపలు చెన్నై నుంచి రైల్లో థర్మాకోల్ పెట్టెల్లో దిగాయి. చారలవి రెండు, పసుపుపచ్చవి రెండు, అరచేయంత నీలిది ఒకటి. మహబూబ్ పెట్టెలు ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాడు. గౌసియా గదిలో లైట్లు తగ్గించి, సంచుల్ని విప్పకుండానే తొట్టెలో తేలేసింది. చెరువులో పిల్లల్ని వదిలేముందు మహబూబ్ కూడా అలాగే సంచులు తేలేసేవాడు, నీళ్ల వేడి సమానం కావాలని. ఇక్కడ దాంతో సరిపోదు, ఉప్పు కూడా సమానం కావాలి. చేపల్ని సంచినీళ్లతోసహా బకెట్లలోకి దించి, మెడికల్ షాపులో కొన్న సెలైన్ గొట్టాలతో తొట్టెనీళ్లు చుక్కచుక్కగా వాటిలోకి ఎక్కించింది.

"పేషెంట్లలా చూస్తున్నావు" అని నవ్వాడు మహబూబ్.

"పేషెంట్లేనండీ మరి."

ఉప్పు సమానమయ్యాక చేపల్ని మాత్రమే తొట్టెలోకి తీసి, బకెట్ నీళ్లు బయట పారబోసింది. ఆ తొట్టెలో ఇసక లేదు, రాళ్లు లేవు. దాక్కోడానికి ప్లాస్టిక్ పైపు ముక్కలు, గాలి బుడగలొదిలే స్పాంజి ఫిల్టరు, అంతే. ఆ తొట్టెలో వాడిన వల, గొట్టాలు ఇంకో తొట్టెలో పెట్టనిచ్చేది కాదు. అందులో చెయ్యి పెడితే మోచేతిదాకా కడుక్కునేది.

ముందు అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత ఓ ఉదయం నీలిచేప రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనిపించాయి. మర్నాటికి చారలవాటికీ వచ్చాయి. నీలిది తిండి మానేసి పైపు వెనక నక్కింది.

గౌసియా కూర్చుని ఏడవలేదు. ఇది చేపలకి పట్టే పురుగు. ఉప్పు బాగా తగ్గిస్తే పురుగు బతకలేదు, చేప బతుకుతుంది. నెట్లో చాలామంది రాసింది అదే.

"సముద్రపు చేపకి ఉప్పు తగ్గిస్తావా? చంపేస్తావు గౌసియా!" మహబూబ్ కంగారుపడ్డాడు.

"ఉప్పుటేరులో సముద్రం నుంచి ఎదురెక్కి చేపలు కొల్లేటిదాకా రావడం లేదాండీ? మా ఆకివీడులో చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. మెల్లిగా వస్తే తట్టుకుంటాయి. మనమూ మెల్లిగానే తగ్గిద్దాం."

కొంచెం ఉప్పునీళ్లు తీసి కొంచెం మంచినీళ్లు పోస్తూ, ఉప్పుమీటరు చూసుకుంటూ, ఓపిగ్గా దించుకొచ్చింది. నీలిచేప కోసం పాలకూర వేడినీళ్లలో ముంచి, వెల్లుల్లి రసం పట్టించి, గాజుకి క్లిప్పుతో తగిలించేది. అది చూసేది కాదు. ఆకు మార్చి మళ్లీ తగిలించేది.

ఆ రోజుల్లోనే శేషగిరిరావుగారు దిగారు, ప్రారంభం ఎల్లుండి అనగా.

"చుక్కలేం కనబడ్డం లేదు కదమ్మా ఇప్పుడు. తీసుకెళ్తాను."

"పైకి కనబడ్డం లేదు, అంతేనండీ. రాలిన పురుగు అడుగున పిల్లలు పెడుతుంది. అవన్నీ చచ్చేదాకా ఆగాలి. నీలిది ఇంకా తినడం లేదు."

"ఊరంతటినీ పిలిచానమ్మా! ఖాళీ తొట్టె ముందు నన్ను నిలబెడతావా?"

మహబూబ్ భార్యకేసి బతిమాలుతున్నట్టు చూశాడు. అంత పెద్దమనిషితో మాటామాటా పెరిగితే షాపు నడవదని అతని భయం. గౌసియా వెళ్లి తొట్టెకి అడ్డంగా నిలబడింది.

"ఖాళీ తొట్టె చూసి ఒక్కరోజు నవ్వుతారండీ. ఇవి కూడా చచ్చిపోతే మీరిక ఆ తొట్టె మొహం చూడలేరు. నేనివ్వనండీ."

ఆయన విసురుగా వెళ్లిపోయారు. ప్రారంభం రోజున లైట్ల కింద నీళ్లూ రాళ్లూ మాత్రమే ఉన్న తొట్టె చూసి, వచ్చినవాళ్లు "ఇవి కనపడని చేపలా అండీ?" అని అడిగారట. ఇందిరగారు ముందుకొచ్చి "చేపలు ఏలూరులో వైద్యం చేయించుకుంటున్నాయండీ. నయమయ్యాకే వస్తాయి. అప్పుడు మళ్లీ పిలుస్తాం, తప్పకుండా రండి" అన్నారట.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం గౌసియా అన్నం తింటూ తొట్టెవైపు చూసింది. నీలిచేప పైపు వెనకనుంచి వచ్చి, పాలకూర ఆకుని ఒక్క పీకు పీకింది. ఆగింది. మళ్లీ పీకింది. గౌసియా ఎంగిలిచేత్తోనే లేచి "ఏవండీ, తింటోందండీ!" అని కేకేసింది. ముందుగదిలో బేరమాడుతున్న కొనుగోలుదారు కూడా మహబూబ్ వెనకే పరిగెత్తుకొచ్చి చూశాడు.

ఎంత మెల్లిగా దించిందో అంతకన్నా మెల్లిగా ఉప్పు మళ్లీ పెంచింది. ఒక్క తెల్లచుక్కా తిరిగి రాలేదు. అప్పుడు తనే ఫోన్ చేసి "సిద్ధం చేసుకోండి, తెస్తున్నామండీ" అని చెప్పింది.

మహబూబ్ పాత నేస్తం దేవదానం ఇంకా చేపపిల్లల వ్యాపారంలోనే ఉన్నాడు. ఆక్సిజన్ సిలిండరు, వ్యాను పట్టుకొచ్చి సంచుల్లో గాలి నింపి, గూడెందాకా తానే తోలాడు.

షాపు నిండా జనం. గౌసియా తొట్టె పక్కన స్టూలేసుకుని కూర్చుని, సెలైన్ గొట్టం తగిలించి చుక్కలు వదలడం మొదలుపెట్టింది. చీరలు చూసేవాళ్లు చీరలొదిలేసి చుట్టూ మూగారు.

"ఇంకెంతసేపమ్మా?" అన్నారెవరో.

"ఆవిడ చెప్పేదాకా ఆగాలండీ" అన్నారు శేషగిరిరావుగారు గట్టిగా.

చివరికి ఒక్కో చేపనీ చిన్న డబ్బాతో తీసి తొట్టెలోకి వదిలింది. చారలవి తిన్నగా నీళ్ల మధ్యకొచ్చి ఊగుతూ నిలబడ్డాయి. పసుపుపచ్చవి రాళ్ల సందులన్నీ తిరిగొచ్చాయి. నీలిది రాయి వెనక్కి మాయమైంది. చుట్టూ ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు. కాసేపటికి అది రాయి మీదుగా లేచి, వెలుగులోకొచ్చి, తొట్టె ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క ఊపులో సాగింది. దాని ఒంటి మీద నీలం అలా వెలుగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. మహబూబ్ దేవదానాన్ని వాటేసుకున్నాడు. శేషగిరిరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, మళ్లీ తుడుచుకున్నారు.

ఇందిరగారు గౌసియా చెయ్యి పట్టుకుని "ఆ రోజు ఆయనకి ఇవ్వనన్నావు చూడు, అక్కడే గెలిచావమ్మా" అన్నారు.

వారం గడిచింది, దీపావళి కూడా వచ్చి వెళ్లింది. అన్నీ బతికే ఉన్నాయి. భీమవరం నుంచి, రాజమండ్రి నుంచి మనుషులు ఏలూరు వచ్చి తొట్టెలు అడుగుతున్నారు. గౌసియా వెనకగదిలో విడి తొట్టెలు వరసగా కట్టించింది. తొందరపడేవాళ్లని మహబూబే కూర్చోబెట్టి, ఆగితే ఏం దక్కుతుందో చెబుతున్నాడు.

వేసవిలో ఓ పొద్దున్న శేషగిరిరావుగారి ఫోన్.

"గౌసియాగారూ, చారలవి రెండూ ఓ రాయిని అంటిపెట్టుకుని కదలడం లేదండీ. ఎవరు దగ్గరకెళ్లినా గాజు మీదకి దూకుతున్నాయి. రాతి మీద నారింజరంగు చుక్కలు, గసగసాలంత. మళ్లీ ఏదైనా జబ్బంటారా?"

గౌసియా రిసీవరు గుండెకి అదుముకుని పకపకా నవ్వింది.

"జబ్బు కాదండీ, గుడ్లు! మీ షాపులో కాపురం పెట్టాయండీ!"

అవతల ఫోన్ కిందపడ్డ చప్పుడు, ఆ వెనకే షాపంతా దద్దరిల్లేలా ఇందిరగారిని పిలుస్తున్న ఆయన గొంతు వినిపించాయి.