గిద్దెడు పూసలు

నేను ఒక గిద్దను. ఈ కాలం పిల్లలకు నేనెవరో చెబితే గాని తెలియదు కాబట్టి చెబుతున్నాను: సోలలో నాలుగో వంతు పట్టే ఇత్తడి కొలతపాత్రను. ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో పోత పోసినప్పుడు, బియ్యమో నూనో కొలుస్తూ బతికేస్తాననుకున్నాను. పాలకొల్లులో పూసల కొట్టు పెట్టిన వెంకటరత్నం నన్ను కొన్నాడు. ఆయన పోయాక కొట్టూ, నేనూ ఆయన కూతురు తాయారమ్మ చేతికి వచ్చాం.

మా దగ్గరికి వచ్చేది మగ్గం వర్క్ చేసే ఆడవాళ్లు. ఒక జాకెట్టుకు ఒక రంగు పూసలు గిద్దెడు చాలు. తాయారమ్మ నన్ను రేకు డబ్బాలో ముంచి, పైన నిలిచినన్ని నిలవనిచ్చి పోస్తుంది. అంచుకు సమంగా తలకొట్టి కొలవడం ఆవిడకు చేతకాదు. నాకూ అది పరువు తక్కువ.

పూసలు హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంపెనీ పంపేది. నిరుడు ఆ కంపెనీయే మా ఊరి బస్టాండు దగ్గర సొంత షోరూం తెరిచి, ఆఫర్ పెట్టింది. అక్కడి ధర విని తాయారమ్మ తన బిల్లు తీసి చూసుకుంది. ఆవిడకు వాళ్లు వేసే టోకు ధర కంటే షోరూంలో చిల్లర ధరే తక్కువ! పెట్టెలకొద్దీ కొన్నవాళ్లకు ఎక్కువ, ఒక్క ప్యాకెట్టు కొన్నవాళ్లకు తక్కువ. మనుషుల తెలివికి నాకు నవ్వొచ్చింది. తాయారమ్మకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఫోను చేస్తే కంపెనీ మనిషి సుధీర్, "లారీ లోడు ఎత్తండమ్మా, మీకూ ఆ రేటే ఇస్తాం" అన్నాడు. మా కొట్టు మొత్తం ఎత్తినా లారీలో ఓ మూలకు రాదు.

మర్నాడు ఆవిడ సంచీ పట్టుకుని మామూలు బేరంలా ఆ షోరూంకే వెళ్లింది. వాళ్ల ప్యాకెట్లు వాళ్ల ఆఫర్లోనే కొని తెచ్చి, మూతులు కత్తిరించి మా డబ్బాల్లో పోసేసింది. సంగతి తెలిసి వాళ్లు మనిషికి రెండే ప్యాకెట్లని బోర్డు పెట్టారు. "రెండేగా పిన్నిగారూ, మేమంతా లేమా?" అంది మగ్గం పని చేసే మస్తాన్‌బీ. ఇక చూడాలి, ఆడవాళ్లంతా లైను కట్టి తలా రెండు తెచ్చారు. ఒకావిడ కళ్లజోడు పెట్టుకుని ఓసారి, తీసేసి ఓసారి వెళ్లొచ్చిందట.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఆ ఆఫర్ ధరకు తట్టుకోలేక మా వీధిలో మిగతా రెండు పూసల కొట్లూ మూతపడ్డాయి. మూతపడిన వారానికే ఆఫర్ బోర్డు దిగిపోయింది, ప్యాకెట్టు ధర ఒకటిన్నర రెట్లయింది. తాయారమ్మ మద్రాసు నుంచి కొద్దికొద్దిగా సరుకు తెప్పించుకుంటూ నెట్టుకొచ్చింది. సగం డబ్బాలు ఖాళీ.

అప్పుడు దిగాడు సుధీర్.

"అమ్మగారూ, పాత రేటుకే సరుకిస్తాం. కాకపోతే సీలు ప్యాకెట్లే అమ్మాలి, విడిగా కొలవకూడదు. ఎలాగూ పనుండదు కదా, ఆ గిద్ద మాకిచ్చేయండి. షోరూంలో అద్దాల పెట్టెలో పెట్టి, కింద మీ నాన్నగారి పేరు రాయిస్తాం."

నాన్న పేరు వినగానే ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచింది. ఇచ్చేస్తుందనే అనుకున్నాను. ఆవిడను తప్పుపట్టను, ఖాళీ డబ్బాలు నేనూ చూస్తూనే ఉన్నాను. కానీ అద్దం వెనక ముస్తాబై కూర్చోవడం కంటే పాత ఇత్తడి కింద కరిగిపోవడమే నయమనిపించింది.

అంతలో మస్తాన్‌బీ గుమ్మంలోకి వచ్చింది. "పిన్నిగారూ, పెళ్లికూతురి జాకెట్టు. తెల్లపూసలు గిద్దెడు పొయ్యండి."

"ప్యాకెట్టు తీసుకోమ్మా, లాభం" అన్నాడు సుధీర్.

"రంగుకో ప్యాకెట్టు కొంటే నా కూలంతా పూసల్లోకే పోద్ది. మిగిలినయ్యి అన్నంలో నంజుకోనా?"

తాయారమ్మ అతనివైపు తిరిగింది. "విన్నావుగా బాబూ! అద్దాల పెట్టెలో పెట్టేది పని అయిపోయినదాన్ని. దీనికి ఇంకా పనుంది, నాక్కూడా ఉంది. మీ రేటు మీ దగ్గరే ఉంచుకోండి."

నన్ను తెల్లపూసల డబ్బాలో ముంచింది. నా అంచు అడుగు రేకుకు తగిలి ఖంగుమంది. వచ్చే నెల ఈ కొట్టు ఉంటుందో లేదో నాకు తెలియదు. ఇవాళ మాత్రం తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. రండి, అరగిద్దెడు కావాలన్నా కొలుస్తాను.