ఏమీ వినబడని వీధి

మా వీధిని చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రెండు పక్కలా తాతల నాటి చెట్లు. పైన కొమ్మలు కలిసిపోయి ఎండని కిందికి దిగనివ్వవు. కింద రాతి పలకల బాట. కారు రాదు, మోటారు బండి రాదు. వీధి మొదట్లోనే ఇనప స్తంభాలు పాతేశారు. ఎంత గొప్పవాడైనా నడిచి రావాల్సిందే, లేదంటే సైకిలెక్కాలి. ఆ సైకిళ్ళకి పంక్చర్లు వేసి, బ్రేకులు బిగించేదాన్ని నేను. నన్ను అందరూ సైకిలక్క అంటారు, నాకంటే పెద్దవాళ్ళు కూడా.

ఇళ్ళు చెట్ల కంటే పాతవి. ఇంటికీ ఇంటికీ మధ్య బెత్తెడు సందు ఉండదు, ఇద్దరికీ ఒకటే గోడ. ఇటు దగ్గితే అటువాళ్ళకి నిద్ర చెడుతుంది. అందుకని ఈ వీధివాళ్ళు ఒక మర్యాద పెట్టుకున్నారు. గోడలోంచి వచ్చిన మాట గుమ్మం దాటకూడదు. పక్కింట్లో మొగుడూ పెళ్ళాం ఒకరి మీద ఒకరు గిన్నెలు విసురుకున్నా సరే, పొద్దున చెట్టు కింద కనబడితే "బాగున్నారా" అని నవ్వాలి. ఏమీ వినబడలేదన్నమాట. ఈ వీధికొచ్చిన కొత్తలో నాకూ ఇది ముచ్చటగానే ఉండేది.

నా కొట్టు గోడకి అవతలే మా చెల్లెలి ఇల్లు. దాని మొగుడు, అంటే మా మరిది, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళని వెంటేసుకుని వీధులన్నీ తిప్పుతూ కథలు చెబుతాడు. నోటి ముందు మైకు, నడుముకి చిన్న స్పీకరు. నేను వాణ్ణి మైకనే అనేదాన్ని. రోజూ గుంపుని తన ఇంటి ముందే ఆపి తలుపు చూపించేవాడు. అబద్ధమెందుకు, అందమైన తలుపే. నిండా చెక్కిన తీగలు, తీగల మధ్య పిట్టలు. "మెల్లగా తాకండి, వేళ్ళ చివర్లతో. దెబ్బ తట్టుకునే వయసు కాదు పాపం దీనిది" అనేవాడు గొంతులో తేనె పోసుకుని. వాళ్ళు మురిసిపోతూ తాకేవాళ్ళు. ఆ తలుపు లోపల మా చెల్లి మణికట్టు దాకా చేతులున్న బట్టలు వేసుకుని తిరిగేది, ఎంత మండే ఎండల్లోనైనా.

నాకు అన్నీ వినబడేవి. ముందు వాడి గొంతు, తర్వాత కుర్చీ పడ్డ చప్పుడు, ఆ తర్వాత అది ఏడుపు మింగుతున్న చప్పుడు. ఒకసారి ఒళ్ళు మండి, పెద్ద పానా పట్టుకుని వెళ్ళి వాడి ముందుపన్ను ఊడగొట్టి వచ్చాను. కట్టుడు పన్ను పెట్టించుకునే దాకా కథలన్నీ ఈల వేసుకుంటూ చెప్పాడు వెధవ. కానీ నేను ఇవతలకి వచ్చిన గంటలోనే వాడు దాని వేలు విరిచాడు. కట్టు కట్టిస్తుంటే అది నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు రాకు. నువ్వొచ్చి వెళ్ళాక నాకు రెండింతలవుతోంది."

వాళ్ళకి అవతలి గోడ పాటల టీచరుది. ఈ ఇంట్లో మొదలవగానే ఆ ఇంట్లో పిల్లల గొంతులు పెరిగేవి. వెళ్ళి అడిగాను. "ఏం వినబడాలమ్మా?" అంది ఆవిడ, కళ్ళింత చేసుకుని. వీధి సంఘం ప్రెసిడెంటుగారిని అడిగాను. ఆయన ఏదో కాలేజీలో ప్రిన్సిపాలుగా చేసి దిగినాయన. "మాకెప్పుడూ ఏమీ వినబడలేదే! ఇది ప్రశాంతమైన వీధి" అన్నాడు. ఒకసారి పోలీసుల్ని కూడా పిలిచాను. స్తంభాల దగ్గర జీపు ఆపి, చెట్లు చూసుకుంటూ నడిచొచ్చారు. ఇల్లిల్లూ అడిగారు. ఇల్లిల్లూ ఒకే మాట చెప్పింది. వాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

చివరికి చెల్లే తెగించింది. వేరే ఊళ్ళో దాని స్నేహితురాలు ఆసుపత్రి వంటింట్లో పని చూసి పెట్టింది. పొద్దున మైకు గుంపుతో బయల్దేరగానే ఇది సంచీ తీసుకుని నా కొట్లోకి రావాలి. నేను దాన్ని బరువులు మోసే సైకిలు తొట్లో కూర్చోబెట్టుకుని బస్సు దాకా తొక్కాలి. అది ప్రాణాలతో ఆ గుమ్మం దాటితే చాలు, నాకింకేం అక్కర్లేదు. టైర్లకి గాలి నింపుకుని కూర్చున్నాను.

మైకు వెళ్ళాడు. చెల్లి ఇంకా రాలేదు. సంచీ సర్దుకుంటోంది కాబోలనుకున్నాను. అంతలో చెట్ల కింద మైకు ఒక్కడే వెనక్కి వస్తూ కనిపించాడు. లోపలికి వినబడాలని గొంతు చించుకున్నాను.

"ఏం మరిదీ! అప్పుడే అయిపోయాయా కథలు?"

"లేదు వదినా, స్పీకర్లో ఛార్జింగ్ లేదు. గుంపుని ఆ చివర కోట గోడ దగ్గర నిలబెట్టొచ్చా. ఇంకో బ్యాటరీ తీసుకుని వెళ్తా" అని నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. ఆ వెంటనే గడియ పడింది. సంచీ చూశాడని గడియ చప్పుడుతోనే తెలిసిపోయింది.

ఈసారి చెల్లి ఏడుపు మింగలేదు. "అక్కా!" అని అరిచింది. ఆ ఇంట్లోంచి అది నన్ను పిలవడం అదే మొదటిసారి. రెండోసారి పిలుపు సగంలోనే ఆగిపోయింది. గొంతు నొక్కితే మాట ఎలా తెగుతుందో అలా తెగింది. అవతలి గోడ వెనక పాట పెరిగింది.

పరిగెత్తాను. తలుపు మీద చేతులతో బాదాను, కాళ్ళతో తన్నాను. చీమ కుట్టినట్టయినా లేదు దానికి. ఎదురుగా చెట్టు మొదట్లో రాళ్ళు సరిచేసే పనివాళ్ళు గడ్డపార వదిలేసి టీకి వెళ్ళారు. అది అందుకుని ఉన్న బలమంతా పెట్టి పొడిచాను. ఒక పిట్ట తల ఎగిరి రోడ్డు మీద పడింది.

అప్పుడు తెరుచుకున్నాయి కిటికీలు. ఇన్నేళ్ళు చెవిటిదైన వీధికి ఒక్క చెక్క విరిగేసరికి చెవులొచ్చాయి. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు. పాటల టీచరు పాట ఆపి వచ్చింది. ప్రెసిడెంటుగారు సగం గెడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో వచ్చాడు.

"సైకిలక్కా! పిచ్చి పట్టిందా నీకు? ఎన్ని తరాల తలుపది!"

"లోపల చంపేస్తున్నాడు! పిలిచింది, వినలేదా?"

"ముందు గడ్డపార కింద పెట్టు. కూర్చుని మాట్లాడుకుందాం."

ఎవరో నడుం పట్టుకున్నారు. ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగారు. ప్రెసిడెంటుగారు తలుపుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. లోపల మా చెల్లి కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు నాకు వినబడుతోంది. ఆ చప్పుడు తగ్గుతోంది. తల వెనక్కి విసిరితే జుట్టు పట్టుకున్నవాడి పెదవి చిట్లింది. మోచెయ్యి ముందుకి విసిరితే ప్రెసిడెంటుగారి ముక్కు పగిలింది. తెల్ల నురగ ఎర్రబడింది. ఆయన కూలబడ్డాడు, మిగతావాళ్ళు నన్ను వదిలి వెనక్కి తగ్గారు.

మళ్ళీ పొడిచాను. పలక నిలువునా చీలింది. లోపల అడుగుల చప్పుడు పరుగున తలుపు దగ్గరికొచ్చింది. మనిషి గొంతు వదలనివాడు తలుపు చీలేసరికి వదిలి పరిగెత్తుకొచ్చాడు. వీపు తలుపుకి ఆనించి అదిమాడు. చీలికలోంచి వాడి నీలం చొక్కా కనబడింది.

"తలుపు! తలుపు పోతుంది! ఆపవే!" అని అరిచాడు. అంతలోనే గొంతు మార్చాడు. "వదినా, నేనిక్కడే ఉన్నా. తలుపుకి ఆనుకునే ఉన్నా. పొడవకు."

నాకు స్పష్టంగా వినబడింది. నా వెనక నిలబడ్డ ప్రతివాడికీ వినబడింది. వాడు మళ్ళీ చెల్లి దగ్గరికి వెళ్తాడని కూడా నాకు తెలుసు. ఒక అడుగు వెనక్కి వేసి, చీలికలో నీలం రంగు చూసుకుని, గడ్డపార లోపలికి దించాను. ముందు చెక్క తగిలింది. ఆ తర్వాత తగిలింది చెక్క కాదు. వాడు కేక వెయ్యలేదు, నీళ్ళు పుక్కిలించినట్టు ఏదో చప్పుడు చేశాడు. గడ్డపార వెనక్కి లాగితే నా చేతుల మీదికి వెచ్చగా కారింది. నాకు జాలి వెయ్యలేదు. ఈ రోజుకీ వెయ్యలేదు.

చీలికలోంచి చెయ్యి పెట్టి గడియ తీశాను. వాడు గుమ్మానికి అడ్డంగా పడి ఉన్నాడు, దాటుకుంటూ వెళ్ళాను. చెల్లి మెట్ల కింద ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మెడ చుట్టూ వాడి వేళ్ళ గుర్తులు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టుంది, కానీ తీస్తోంది. భుజాన వేసుకుని తీసుకెళ్ళి సైకిలు తొట్లో పడుకోబెట్టాను. ఆసుపత్రి దాకా వెనక్కి తిరిగి చూడకుండా తొక్కాను.

వాడి కోసం వచ్చిన అంబులెన్సు స్తంభాల దగ్గరే ఆగిపోయింది. స్ట్రెచరు పట్టుకుని మనుషులు నడిచొచ్చారు, నడిచి మోసుకెళ్ళారు. వీధి మధ్యలోనే వాడి ప్రాణం పోయింది. కారు రాని వీధి అని రోజూ మైకులో గొప్పలు చెప్పుకునేవాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు నన్ను వీధికి తీసుకొచ్చి, చెట్టు కింద అందరినీ పోగుచేశాడు. చెల్లి మెడ డాక్టరు చూపించాడట. తలుపు ఎందుకు పగలగొట్టానో ఆయనకి అర్థమైంది. ఆయనకి తెలియాల్సింది ఒక్కటే.

"తలుపు వెనక ఉన్నానని అతను అరిచాడా? అది విని కూడా ఈవిడ పొడిచిందా?"

నా పని అయిపోయిందనుకున్నాను. ఎదురుగా ముక్కు మీద ప్లాస్టరుతో ప్రెసిడెంటుగారు. ఆయన నా వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"మాకేమీ వినబడలేదు సార్."

చిట్లిన పెదవివాడు కూడా అదే అన్నాడు. పాటల టీచరూ అదే అంది. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు.

"గుమ్మం ముందే కదా అందరూ ఉన్నారు?"

"ఉన్నాం. తలుపు పగలడం చూశాం. లోపలి నుంచి మాత్రం ఏమీ వినబడలేదు."

నా మీద ప్రేమతో చెప్పారని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆ ఒక్క అరుపు వినబడిందంటే, ఇంకేం వినబడ్డాయని ఆయన అడుగుతాడు. ఆ ప్రశ్నకి వీధిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇన్‌స్పెక్టరు కాసేపు నన్నే చూసి, ప్రమాదమని తేల్చి పంపేశాడు.

చెల్లిని ఆసుపత్రి నుంచి నా దగ్గరికే తెచ్చుకున్నాను. కొట్టు వెనక గదిలో పడుకునేది. గొంతు దెబ్బతింది, ఇంక బాగుపడదన్నారు. మాట గాలిలాగా వస్తుంది తప్ప పలకదు. అది లేచి నడుస్తున్న తొలిరోజుల్లోనే ఒక సాయంత్రం పాటల టీచరు సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. చెయిను వదులైందట. నేను బిగిస్తుంటే ముందుకి వంగి గొంతు తగ్గించింది.

"చూశావా, ఒక్కళ్ళమైనా నోరు మెదిపామా? ఎంతైనా మన వీధి మనిషివి."

"వాడు అరిచింది మీకు వినబడిందా?"

"వినబడకేం! అంత దగ్గర నిలబడితేనూ."

"మరి అంతకుముందువి?"

ఆవిడ సైకిలు బెల్లు మీది దుమ్ము తుడిచింది. "గోడ పక్కనే కదమ్మా, అన్నీ వినబడేవి. పిల్లలు బెదిరిపోతారని గట్టిగా పాడమనేదాన్ని." పిల్లల్ని అంత బాగా చూసుకున్నందుకు నేను మెచ్చుకుంటాననుకుందేమో, నా మొహంలోకి చూసింది.

వెనక గది తెర కదిలింది. చెల్లి వచ్చి నిలబడింది. మెడకి ఇంకా కట్టుంది. ఆవిడనే చూస్తూ పెదాలు కదిపింది.

"అన్నీనా?"

టీచరు చెవి ముందుకి పెట్టింది. "ఏంటమ్మా? వినబడలేదు."

చెల్లి జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఆవిడ జుట్టు పట్టుకుని మొహం మీద కొట్టింది. ఆవిడ సైకిలుతో సహా కింద పడితే, మీద కూర్చుని మళ్ళీ కొట్టింది. విరిగి అతుక్కున్న వేలున్న చేత్తోనే కొట్టింది. ఆవిడ కేకలు చెట్ల కింద వీధి చివరిదాకా వెళ్ళాయి. నేను పానా పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను, ఆపలేదు. ఎవరైనా వస్తారేమోనని అటూ ఇటూ చూశాను. ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదు.