పద్నాలుగు తక్కువ ఐదువేల నలభై

ఆదివారం ప్రార్థనకు ముందు థిర్జా ఓల్బీ చర్చి బురుజు మెట్లు ఊడుస్తుంది. ఒకప్పుడు ఆ బురుజులో మూడో గంట తాడు ఆమెది. ఇరవై రెండేళ్లుగా చీపురు ఒక్కటే.

ఏడు గంటల్ని, మోగిన వరస మళ్లీ రాకుండా మార్చి మార్చి మోగిస్తే ఐదువేల నలభై వరసలు. పొద్దున తాడు పట్టుకుంటే భోజనాల వేళ దాకా ఆగకూడదు. తప్పు లేకుండా ముగిస్తే లాగినవాళ్ల పేర్లు చెక్క పలక మీద రాసి గోడకు కొడతారు. ఓల్బీలో కొత్త వరస మోగినప్పుడల్లా ఒక కాకి పుడుతుంది. పాత వరసకు పుట్టదు. పుట్టింది చావదు.

ఐదువేల నలభై నికార్సయిన సంఖ్య. ఒకటి నుంచి పది దాకా దేనితో పంచినా ఏమీ మిగలదు. ఇరవై రెండేళ్ల కిందట ఆ మోత ముగిసిననాడు కాకులు చర్చి కప్పు మీద పదేసి కూర్చుంటే చివరి బారులో ఆరే తేలాయి. వరస ఎప్పుడు మలపాలో కేకేసి చెప్పే ఆంబ్రోజ్ అందరి ముందూ అన్నాడు: “నాలుగు తక్కువ. థిర్జా చెయ్యి తడబడింది. చదువు రానిదానికి తాడిస్తే ఇంతే.”

పలక రాలేదు. ఆ తర్వాత ఆదివారాల్లో పాత వరసలే మోగాయి. ఆమె తాడూ పోయింది. ఆంబ్రోజ్ భార్య చనిపోతే సమాధికి పూలు తెచ్చింది గాని, అతన్ని పలకరించలేదు.

ఈ ఏడాది కప్పు బాగుచెయ్యడానికి పరంజా కట్టారు. పరంజా ఇనప గొట్టానికి ఏడు కాకులే పట్టాయి. ఏడేసి వాలి, లేచి, తర్వాతి ఏడుకు చోటిచ్చాయి. థిర్జా మెట్టు మీద కూర్చుని ఆఖరి దాకా చూసింది. ఆఖరిసారి వాలినవీ సరిగ్గా ఏడే. నాలుగే తక్కువైతే మూడు మిగలాలి. ఒక్కటీ మిగల్లేదు. పదేసి లెక్కలో నాలుగు తగ్గి, ఏడేసి లెక్కలో ఏమీ మిగలని చిన్న అంకె పద్నాలుగు. అంటే తగ్గింది పద్నాలుగు. కేకకూ కేకకూ నడుమ మోగే పద్నాలుగు వరసలు ఒక విడత. విడత మొత్తం తిరిగి మోగిందంటే అది చేతి తప్పు కాదు, కేక తప్పు.

ఆంబ్రోజ్ చర్చి గుమ్మంలోనే దొరికాడు.

“ఏమయ్యా, ఎన్ని తక్కువ?”

“నాలుగని ఊరంతటికీ తెలుసు కదే.”

“ఏడేసి లెక్కపెట్టు.”

అతను తల ఎత్తలేదు. “అక్కర్లేదు. ఆ రోజు చేతులు కడుక్కుంటుంటేనే తెలిసింది. ఒక కేక మర్చిపోయాను.”

“మరి నా పేరెందుకు చెప్పావు?”

“కేక వేసేవాణ్ణి నేనొక్కణ్ణే. తాడు లాగేవాళ్లకేం కరువు?”

లోపల పాటల పుస్తకాలు సర్దుతున్న ఫాదరు విన్నాడు. ఆంబ్రోజ్‌ను కేక పనిలోంచి అప్పుడే తప్పించి, బురుజు పైకి తీసుకెళ్లి మూడో తాడు థిర్జా చేతికిచ్చాడు. ఆమెకిప్పుడు డెబ్బై నాలుగు. చేతులు చెవుల దాకా లేచి ఆగిపోయాయి.

“ఇంకొంచెం పైకి, అమ్మా,” అన్నాడు పక్క తాడతను మెల్లగా.

“ఎంత పైకో నాకు నేర్పకు!”

మళ్లీ ఎత్తింది. లేవలేదు. తాడు పొందికగా చుట్టి కొక్కేనికి తగిలించింది.

“లెక్కపెట్టుకోవడం మీలో ఒక్కడికీ రాలేదట్రా ఇన్నేళ్లూ?” అని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగిపోయింది.

కేక వేసేవాడు లేక ఆ పూట గంటలు మోగలేదు. తర్వాతా మోగలేదు.