గంట కొట్టిన చోటు

ఒప్పుకోలు కాయితం జోలెలో పెట్టుకుని గురప్ప బుక్కరాయసముద్రంలో బస్సు దిగేసరికి మోకాళ్ళు రెండూ మొరాయించాయి. ముసలాడికి ఈ వయసులో ఇదేం ఖర్మ చెప్పండి. ఊరూరూ తిరిగి, రెడ్ల ఇళ్ళ ముందు నిలబడి, తరతరాల పేర్లు గడగడా చదివి, పెట్టింది తిని పోయే మనిషి. తండ్రిదీ అదే పని, తాతదీ అదే పని. సర్కారు కాయితాలతో వాళ్ళలో ఎవరికీ ఏనాడూ పని పడలేదు. ఈయనకు పడింది.

పని పెట్టినవాడు కుందుర్పి దగ్గరి దివాకర్ రెడ్డి. తండ్రి సంవత్సరీకానికి వంశవృక్షాన్ని పుస్తకంగా అచ్చు వేయించి చుట్టాలందరికీ పంచాలని ఆయన సరదా. వానల్లేవు, వేరుశనగ ఎండిపోయింది, చేయడానికి ఇంకేముంది, ఇది పట్టుకున్నాడు. అంతా సజావుగా నడుస్తుండగా దూరపు చుట్టం ఒకాయన నోరు జారాడు: "మీ నాయనకు ఒక చెల్లెలు ఉండల్ల గదప్పా."

దివాకర్ ఆ మాట పుట్టి బుద్ధెరిగి వినలేదు. అప్పుడే సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చింది. మా తాతకు పుట్టిన బిడ్డల పేర్లన్నీ, మా మేనత్త పేరుతో సహా, పాత రిజిస్టర్లలోంచి తీసి ఇవ్వండని మండలాఫీసులో అర్జీ పెట్టాడు. అక్కడి గుమాస్తా గంగాధర్ అర్జీ చదివి, నీరసంగా తల అడ్డంగా ఊపాడు.

"ఆడమనిషి సొంత విషయమన్నా. చచ్చిపోయింటే ఆ రుజువు తే. బతికుంటే ఈ ఒప్పుకోలు కాయితం మీద ఆయమ్మ సంతకం తే. రెండూ లేకుండా ఇస్తే నా ఉద్యోగం పోతాది."

మా ఇంటి పిల్ల పేరు మాకు చెప్పడానికి ఇంత కథా అని దివాకర్ మండిపడ్డాడు. మండిపడి, గురప్పను పిలిపించాడు.

"నువ్వు తిరగని ఊరుండాదా గురప్పా? ఆయమ్మ యాడుందో ఎతుకు. ఉంటే సంతకం పెట్టించుకోని రా."

వెతకడానికేముంది, ఏటా ఆమె ఇంట్లో అన్నం తినిపోయే మనిషే కదా. కానీ తెలుసునని అనలేదు, తెలియదనీ అనలేదు. కాయితం తీసుకుని వచ్చేశాడు.

వంశాలు చదివేవాళ్ళకు ఒక కట్టుబాటుంది. ఇంటి పెద్ద ఫలానా పేరు తీసెయ్యమంటే తీసెయ్యాలి. కానీ ఆ చోటు పూడ్చేయకూడదు. అక్కడ చేతిగంట ఒక్కసారి కొట్టి ముందుకు పోవాలి. అబద్ధమాడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. దివాకర్ మేనత్త బయమ్మ, గొర్రెలు కాసే సుంకన్నతో వెళ్ళిపోయిన ఏడు, ఆమె తండ్రి చిన్నపరెడ్డి, "దాని పేరు నా ఇంటి ముందర ఇనపడగూడదు" అన్నాడు. అప్పటినుంచీ ఆ పేరున్న చోట గంటే.

గురప్ప బుక్కరాయసముద్రంలోని ఆ ఇంటికి వెళ్ళేసరికి బయమ్మ వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. సుంకన్న పోయాక కొడుకు దగ్గరే ఉంటోంది. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ పనుల మీద పోయారు. ఆమె ఇచ్చిన చెంబుడు నీళ్ళు తాగి, సంగతంతా చెప్పి, కాయితం ముందు పెట్టాడు.

"దీంట్లో సంతకం పెడితే ఏమయితాది?"

"నీ పేరు పుస్తకంలోకి ఎక్కుతాదమ్మా. ఎవురి కూతురివి, ఎవురిని కట్టుకున్యావు, అంతా."

"నా కొడుక్కు నేను ఎవురూ లేనిదాన్నని చెప్పినా. కోడలికీ అదే చెప్పినా, మనవరాలికీ అదే చెప్పినా. ఇన్నేండ్లు అబద్ధం చెప్పిన ముసల్దాన్ని అనుకోరా వాళ్ళు?" బయమ్మ కాయితాన్ని వెనక్కి తోసేసింది. "తీసేసే పొద్దు నన్ను ఎవురూ అడగల్యా. ఇప్పుడు పెట్టేదానికి సంతకం కావాల్నంట."

గురప్పకు ప్రాణం ఉసూరుమంది. ఈమె వద్దన్నదని చెబితే బతికే ఉందని చెప్పినట్టే. దివాకర్ ఊరుకునే రకమా? పొద్దు గూకేలోగా జీపేసుకుని ఈ వసారా ముందు దిగుతాడు. ఇన్నేళ్ళూ కాపాడుకున్న సంసారం నలుగురి నోళ్ళలో నానుతుంది. అలాగని చచ్చిపోయిందని చెప్పడానికి నోరు రాదు.

"పోనీ గాని, మా వంశం ఒకసారి చదువు గురప్పన్నా" అంది బయమ్మ. "ఇల్లు ఇడిసినాంక ఇన్లేదు."

గొంతు సవరించుకుని గురప్ప మొదలుపెట్టాడు. మూలపురుషుడి నుంచి ఒక్కొక్కరినీ దించుకుంటూ వచ్చాడు. చిన్నపరెడ్డి దగ్గరికి వచ్చాడు. ఆయన కొడుకు, అంటే దివాకర్ తండ్రి, ఓబుళరెడ్డి పేరు చెప్పాడు. ఆ తర్వాత బయమ్మ పేరు చెప్పాలనే అనుకున్నాడు పాపం. చెయ్యి వినలేదు, గంట కొట్టేసింది.

"అలవాటు పడిపోయిందమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఆ చప్పుడేనా నేను?"

"అవునమ్మా."

"అది ఇని ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు?"

"దేవుని గంట అనుకుంటారు. చేతులెత్తి మొక్కుతారు. దివాకర్ గూడా చిన్నప్పటినుంచీ మొక్కుతానే ఉండాడు."

బయమ్మకు నవ్వొచ్చింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఎవురప్పా వాళ్ళకు ఆ బుద్ధి నేర్పింది?"

"మీ నాయనే తల్లీ."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"తొలి ఏడు నేను గంట కొట్టంగానే ఆయప్ప రెండు చేతులెత్తి మొక్కినాడు. ఆయప్పను చూసి పక్కనోళ్ళు మొక్కినారు. పోయేదాకా అట్లనే చేసినాడు. ఎందుకని నేను అడగల్యా, ఆయప్ప చెప్పల్యా."

బయమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఏడ్చింది. కడుపులో దాచుకున్నదంతా బయటికి వచ్చేట్టు ఏడ్చింది. గురప్ప ఊరుకోమనలేదు. ఆయన కళ్ళూ తడిశాయి.

"గంటే ఉండనీ గురప్పన్నా" అంది చివరికి. "నాకు అది చాలు."

మర్నాడు గురప్ప కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి దివాకర్ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. కాయితం తీసుకుని చూస్తే, ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

"ఏమప్పా, మనిషి దొరకలేదా? దొరికినా పెట్టలేదా?"

గురప్ప భుజాన జోలె సర్దుకున్నాడు.

"ఆయమ్మ ఉండాదా, లేదా? అదొక్కటి చెప్పు."

గురప్పకు నిలబడే ఓపిక కూడా లేదు. ఏమి అన్నా ఆమె సంగతి చెప్పేసినట్టే అవుతుంది. జోలెలోంచి గంట తీసి ఒక్కసారి కొట్టాడు.

అలవాటు చొప్పున దివాకర్ చేతులు రెండూ కలిసి నొసటి దాకా లేచాయి. అక్కడ ఆగిపోయాయి. తన నాయన పేరు తర్వాత ఏటా వినే గంటే అది. ఆ చేతుల వంక చూసుకున్నాడు, గంట వంక చూశాడు, మళ్ళీ చేతుల వంక చూసుకున్నాడు.

"ఇన్నేండ్లూ..." అన్నాడు.

గురప్ప గంటను జోలెలో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. దివాకర్ చేతులు దించలేదు.